తెర నల్లబడుటకు ముందు

మార్కాపురమున రెండు దినములు నివసించినవానికి ఆ యూరి ప్రధానవృత్తి యేదో వేరొకరు చెప్పనక్కరలేదు. గనులనుండి లారీలపై దిగు నల్లని రాతిబండలును, వానిని పొరలు పొరలుగా చీల్చు ఉలుల చప్పుడును, కోతయంత్రముల రొదయు, వేపాకులమీదను కిటికీ రెక్కలమీదను పలుచగా పరచుకొన్న నీలిబూడిదవన్నె ధూళియు ఆ సంగతిని తెలుపుచునే యుండును. తరతరముల పిల్లలు ఓనమాలు దిద్దుకొన్న పలకలలో ఎన్నియో ఈ గనులలో పుట్టినవే. కాగితపు పుస్తకములు వ్యాపించి వ్రాతపలకకు గిరాకి సన్నగిల్లిన పిమ్మట అదే రాయి గోడలకును నేలలకును అలంకారశిలగా దేశాంతరములకు తరలిపోవుచున్నది. ఈ పలకలసీమలో నేడు మరియొక పలక దుకాణదుకాణమునను వెలుగుచున్నది. అది కంప్యూటరు తెర. రాతిపలకమీది వ్రాత మనము తుడిచినగాని చెరగదు. ఈ వెలుగుపలకయో, మనము చేయి వేయకయే యొకనాడు నల్లబడి యూరకుండును. అట్లు నల్లబడుటకు చాలదినములు ముందే అది మందగించి మనకు హెచ్చరిక చేయుచుండుననియు, ఆ హెచ్చరికను విననేర్చినవానికి నష్టము చాలవరకు తప్పుననియు నా నమ్మకము. ఆ నమ్మకము నాకు కలిగిన సందర్భమును ముందుగా చెప్పెదను.

చెన్నకేశవస్వామి ఆలయమునకు కొంత దూరమున నా మిత్రుడొకడు టైపింగు, జిరాక్సు దుకాణము నడుపుచున్నాడు. తర్లుపాడు, పెద్దారవీడు, దోర్నాల మొదలగు చోట్లనుండి వచ్చు రైతులు భూమి కాగితములకును, విద్యార్థులు కళాశాల దరఖాస్తులకును అతని బల్ల చుట్టు మూగుచుందురు. ఆ వేసవిలో అతని యంత్రము మూడు వారములనుండి యొక వింత చూపసాగెను. ఉదయము చక్కగా పనిచేయును. మధ్యాహ్నమగుసరికి అక్షరము కొట్టిన కొంతసేపటికిగాని తెరమీద పడదు. సాయంకాలము మరల కొంత తేరుకొనును. ఏ యంత్రమైనను పాతబడినచో ఇంతేకదా యని అతడు సరిపెట్టుకొనెను. ఒకనాటి మధ్యాహ్నము, దరఖాస్తుకు గడువు ముగియు దినమున, ఒక పల్లెటూరి బాలిక బల్లయెదుట నిలిచి తన మార్కుల పత్రమును అందించుచుండగా తెర ఒక్కసారి నల్లబడెను. లోపల ఫ్యాను తిరుగుచునే యున్నది. దీపము వెలుగుచునే యున్నది. తెరమీద మాత్రము "నో సిగ్నల్" అను వ్రాత తప్ప ఏమియు లేదు. చుట్టునున్నవారిలో ఒకరు మానిటరు పోయినదనిరి. మరియొకరు బోర్డు కాలినదనిరి. వేరొకరు వైరసు ప్రవేశించినది, ఫార్మాటు కొట్టవలెననిరి. ఆ బాలిక దరఖాస్తును పక్క దుకాణమున పూర్తిచేయించిన పిమ్మట, కబురందుకొని యొక కుర్ర మెకానిక్కు వచ్చెను.

అతడు చేసిన మొదటి పని ఏ భాగమును విప్పుట కాదు. కీబోర్డుమీద క్యాప్స్‌లాక్ మీటను నొక్కి దాని చిన్నదీపము వెలుగుచున్నదో లేదో చూచుట. అది వెలుగలేదు. "అన్నా, మానిటర్ మంచిగానే ఉంది. నో సిగ్నల్ అని అదే చెప్తా ఉంది కదా. లోపల బండే స్టార్ట్ కాలేదు. మూడు వారాల నుంచి మధ్యాహ్నం కాంగానే స్లో అయితా ఉందంటివే, అప్పుడే పిలిచి ఉంటే బాగుండేది" అనెను. ఆ మాటలో ఈ వ్యాసమునకు వలసిన సారమంతయు కలదు. నా మిత్రుడు మాంద్యమును ఒక రోగముగను, తెర నల్లబడుటను మరియొక రోగముగను తలచెను. ఆ కుర్రవాడు రెండింటిని ఒకే రోగపు తొలిదశగను మలిదశగను గుర్తించెను.

ఆ గుర్తింపు మనకును కలుగవలెనన్నచో యంత్రపు లోపలి సంసారమును కొంచెము తెలిసికొనవలెను. మనవారు బల్లక్రిందనుండు పెట్టెను మొత్తముగా సీపీయూ అని పిలుతురు గాని, నిజమునకు ఆ పేరు పెట్టెలో అగ్గిపెట్టెకంటె చిన్నదైన ఒక బిళ్ళది. గణనలన్నియు చేయునది అదియే. దానినే ప్రాసెసరు అందుము. అది తత్కాలముగా పనికి తెచ్చుకొను విషయములను ఉంచుకొను చోటు ర్యామ్. శాశ్వతముగా దాచుకొను కొట్టు హార్డుడిస్కు. వీనినన్నిటిని కలిపి కట్టిన పలక మదరుబోర్డు. గోడసాకెట్టునుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల మృదువైన ప్రవాహములుగా మార్చి అందరికిని పంచిపెట్టునది ఎస్ఎంపీఎస్. మీట నొక్కినతోడనే విద్యుత్తు బోర్డునకు చేరును. బోర్డు ప్రాసెసరును మేల్కొలుపును. ప్రాసెసరు ర్యామును, తెరబొమ్మను కూర్చు గ్రాఫిక్సు భాగమును, కీబోర్డును ఒకటి తరువాత నొకటిగా పరీక్షించుకొనును. ఈ స్వయంపరీక్ష నెగ్గిన పిమ్మటనే తెరమీద మొదటి అక్షరము కనబడును. కావున "డిస్‌ప్లే రాలేదు" అను ఒక్క మాటకు వెనుక మానిటరు, తీగ, గ్రాఫిక్సు, ర్యామ్, ప్రాసెసరు, బోర్డు, విద్యుత్తు అను ఏడింటిలో ఏదైనను కారణము కావచ్చును. ఏడు గొలుసుకొక్కెములలో తెగినదేదో చూడక మొదటి కొక్కెమునే నిందించుట వలననే మనవారు మంచి మానిటర్లను అమ్మివేసి క్రొత్తవానిని కొనుచుందురు.

ఇక మాంద్యము సంగతి. ఇచ్చట మొదట వేసికొనవలసిన ప్రశ్న: యంత్రము ఎప్పుడు మందగించుచున్నది? మీట నొక్కినది మొదలుకొని ప్రొద్దు క్రుంకువరకు ఒకే తీరుగా మందముగా నుండునా, లేక మొదట చురుకుగా నుండి అరగంటకో గంటకో అలసిపోవునా? మొదటిదైనచో దోషము సామాన్యముగా డిస్కులోనో, ర్యామ్ చాలకపోవుటలోనో, తెరవగానే తమంత తాము లేచి కూర్చుండు ప్రోగ్రాములలోనో యుండును. రెండవదైనచో వేడిమిని అనుమానింపవలెను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కమారు నొక్కినచో టాస్క్ మేనేజరు అను పట్టిక తెరచుకొనును. అందు ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఎంతెంత శాతము పనిలో నున్నవో కనబడును. మనమేమియు చేయకయే డిస్కు నూటికి నూరుపాళ్ళు పనిలో మునిగి యుండుట చూచితిమేని, మందగమనమునకు మూలము దొరకినట్లే.

పాత హార్డుడిస్కు లోపల అద్దమువంటి బిళ్ళ నిమిషమునకు 7200 మారులు, అనగా సెకనునకు 120 మారులు తిరుగుచుండును. దానిమీద వెంట్రుకకంటె తక్కువ యెడముతో ఒక చిన్న భుజము అటునిటు కదలుచు విషయమును చదువును. ర్యామ్ నాలుగు జీబీలే యుండి, బ్రౌజరులో పది కిటికీలు తెరచినపుడు, చోటు చాలక యంత్రము కొంత విషయమును ఈ డిస్కుమీదికి తోసి మరల తెచ్చుకొనుచుండును. వంటయింట చోటులేక ప్రతి గిన్నెకును అటకయెక్కి దిగు ఇల్లాలివలె అది అలసిపోవును. ఇట్టి యంత్రమునకు ర్యామ్ పెంచి, కదలు భాగములు లేని ఎస్ఎస్‌డీ అను డిస్కును అమర్చినచో, ప్రాసెసరు పాతదే అయినను క్రొత్త ప్రాణము వచ్చినట్లగును. పాత పెట్టెకు పెట్టు ఖర్చులలో ఇంతకంటె ఫలమిచ్చునది వేరొకటి లేదు. అయితే డిస్కు మందగించుటకు మరియొక భయంకర హేతువు కూడ కలదు. బిళ్ళమీది కొన్ని చోట్లు చెడిపోయి, భుజము అచ్చటనే మరల మరల చదువయత్నించుట. లోపలనుండి టిక్కుటిక్కుమను చప్పుడు వినబడినను, ఫైలొకటి తెరచుటకు ఎన్నడును లేనంత ఆలస్యమైనను వేగమును గూర్చిన విచారము మాని, ముందుగా మన కాగితములను వేరొక డిస్కులోనికి నకలు తీసికొనవలెను. చెడిన భాగమును కొనవచ్చును. పదియేండ్ల లెక్కలను, పెండ్లి ఫోటోలను, తల్లిదండ్రుల కంఠస్వరములను ఏ దుకాణమునను కొనజాలము.

మధ్యాహ్నపు అలసటకు కారణమగు వేడిమి కథ మన ప్రాంతమునకు మరింత సన్నిహితమైనది. ప్రాసెసరు పనిచేయునపుడు వేడెక్కుట సహజము. ఆ వేడిని పీల్చుకొనుటకు దానిమీద పలుచని రేకులు గల లోహపుదిమ్మను బిగించి, దానిపై ఫ్యాను నుంచెదరు. దిమ్మకును ప్రాసెసరునకును నడుమ గాలి చొరకుండ ఒక మెత్తని పేస్టును పూసెదరు. నేటి ప్రాసెసర్లు సామాన్యముగా 95 నుండి 100 డిగ్రీల సెల్సియసు ప్రాంతమునకు చేరినపుడు తమ్ము తాము కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో ఆగిపోవును. అనగా మనకు తోచిన ఆ మాంద్యము ప్రాసెసరు ఆత్మరక్షణకై చేసికొనుచున్న ప్రయత్నము. చల్లార్చుటకు వచ్చు గాలి ఎంత వేడిగా నుండునో ప్రాసెసరు వేడియు ఆ మేరకు పైకి జరుగును. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర కుదురుకొను ప్రాసెసరు, 42 డిగ్రీల రేకుల షెడ్డులో అదే పని చేయునపుడు దాదాపు 87కు ఎక్కును. నల్లమల దాటివచ్చు వడగాలి వైశాఖ జ్యేష్ఠములలో గిద్దలూరు, కంభము, మార్కాపురము వీథులను ఎట్లు కాల్చునో ఎరిగినవారికి, యంత్రము మధ్యాహ్నమునే ఏల అలసిపోవునో వేరుగ వివరింపనక్కరలేదు.

దీనికి తోడు ధూళి. పలకరాయి అడుగడుగున పొరలు గల శిల. కోసినపుడు దానినుండి లేచు పొడి గోధుమపిండికంటె సన్నము, పొరల రూపమున తేలికగా గాలిలో తేలును. ఫ్యాను గాలితోపాటు దానిని లోనికి లాగి రేకుల నడుమ పేర్చును. ఆనాడు ఆ కుర్రవాడు పెట్టె పక్కమూతను విప్పి ఫ్యానును ఊడదీసినపుడు నేను చూచిన దృశ్యము ఇప్పటికిని నా కన్నులకు కట్టినట్లున్నది: రేకులెక్కడను కానరాలేదు, వాని స్థానమున నీలిబూడిదరంగు గొంగళిముక్కవంటి దళసరి పొర పరచుకొని యుండెను. అతడు గోటితో ఒక మూలను పట్టి లాగగా అది చింపులు లేక ఒకే ముక్కగా ఊడివచ్చెను. ప్రాసెసరు మీది పేస్టు ఎండి సున్నపుపెచ్చువలె రాలిపోయెను. మండువేసవిలో గొంగళి కప్పుకొని పనిచేసిన యంత్రము మూడు వారములు నిలిచినదే గొప్ప యనిపించెను. ఇందొక వింతయు కలదు: ఆ పలకధూళిలోని సిలికాకును ప్రాసెసరు బిళ్ళకును మూలధాతువు ఒకటే, సిలికాను. శుద్ధిచేసి చిప్పుగా మలచిన సిలికానును అదే ధాతువు ధూళిరూపమున వచ్చి ఊపిరాడనీయకుండ చేయుచున్నది. యంత్రమునకే ఇంత హాని చేయు ఈ ధూళి గనులలోను కర్మాగారములలోను పనిచేయువారి ఊపిరితిత్తులకు ఎంత హాని చేయునో తలపవలెను. కోతయంత్రమునొద్ద ముఖమునకు గుడ్డ చాలదు, తగిన మాస్కును నీటి చిలకరింపును ఉండవలెను.

వేడిమి మాంద్యముతో ఆగిపోవునది కాదు. బోర్డుమీదను ఎస్ఎంపీఎస్ లోపలను చిన్న డబ్బాలవలె నిలువుగా నిలచియుండు కెపాసిటర్లలో అనేకములు ద్రవము నింపినవి. వేడి పది డిగ్రీలు పెరిగినకొలది వాని ఆయువు సుమారు సగమునకు తగ్గునని ఇంజనీర్ల లెక్క. ద్రవము ఇంకిపోయిన కెపాసిటరు నెత్తి ఉబ్బును, ఒక్కొక్కప్పుడు గోధుమరంగు జిగురు కారును. అప్పుడు విద్యుత్తు నిలకడ తప్పి తెర పోవును, యంత్రము తనంత తానే మరల మొదలగుచుండును. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో లోపభూయిష్ఠమైన కెపాసిటర్లు లోకమంతట వ్యాపించి లెక్కలేనన్ని బోర్డులను చెరచినవి. ఇక ర్యామ్ విషయము: పగలు వ్యాకోచించి రాత్రి సంకోచించుచు, సందులలో ధూళి చేరుచుండగా, దాని బంగారుపూత పళ్ళకును గాడికిని గల స్పర్శ కొంచెము కొంచెముగా సడలిపోవును. ఒకనాడు యంత్రము పని నడుమ ఆగి, మరల మొదలగునపుడు స్వయంపరీక్షలో ర్యామ్ కనబడకపోవును. ప్రాసెసరు ముందుకు సాగజాలదు. తెర నల్లగనే యుండును. మా మిత్రుని యంత్రమునకు జరిగినది ఇదియే.

కావున తెర పోయినపుడు పాఠకుడు అనుసరింపవలసిన క్రమమును ఇచ్చట చెప్పెదను. మొదటిది, మానిటరును విచారింపవలెను. దానిమీద "నో సిగ్నల్" అని వ్రాత కనబడినచో అది బ్రతికియే యున్నది. అసలు దీపమే వెలుగనిచో దాని తీగను, సాకెట్టును చూడవలెను. దీపము వెలుగుచున్నను తెర నల్లగనే యున్నచో, గది చీకటిచేసి టార్చిలైటును తెరమీదికి ఏటవాలుగా పట్టి చూడవలెను. మసకగా బొమ్మ కనబడినచో బొమ్మ వచ్చుచున్నది గాని తెరవెనుక వెలుగు పోయినదని అర్థము. రెండవది, తీగ. పాత వీజీఏ తీగకు పదునైదు సూదులుండును. వానిలో ఒకటి వంగినను రంగు మారును, బొమ్మ పోవును. పెట్టెలో వేరుగా గ్రాఫిక్సు కార్డున్నచో తీగను ఆ కార్డునకే తగిలింపవలెను. బోర్డు వెనుకనున్న రంధ్రమునకు తగిలించి తెర రాలేదని వాపోవువారు అనేకులు. మూడవది, క్యాప్స్‌లాక్ పరీక్ష. మీట నొక్కినపుడు దీపము వెలిగి ఆరుచున్నచో లోపల యంత్రము నడుచుచునే యున్నది, దోషము తెరవైపుననే కలదు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలను కలిపి నొక్కినచో గ్రాఫిక్సు భాగమును నడుపు డ్రైవరు అను ప్రోగ్రాము మరల మొదలగును. పలుమారులు బొమ్మ తిరిగి వచ్చును. పని నడుమ తెర ఒక క్షణము నల్లబడి మరల వచ్చుచున్నచో గ్రాఫిక్సు భాగము రెండు సెకనులలో జవాబీయకపోవుటచేత విండోస్ దానిని మరల మొదలిడుచున్నదన్నమాట. ఇది మరల మరల జరిగినచో డ్రైవరునో వేడిమినో కార్డునో అనుమానింపవలెను.

క్యాప్స్‌లాక్ దీపము కదలనిచో దోషము పెట్టెలోనిది. అప్పుడు స్విచ్చి ఆపి, తీగను సాకెట్టునుండి తీసి, మీటను కొన్ని సెకనులు నొక్కిపట్టి మిగిలిన విద్యుత్తును హరింపజేసి, చేతిని పెట్టె లోహభాగమునకు ఒకమారు తాకించి, పిమ్మట మూత తీయవలెను. మన దేహమందలి స్థిరవిద్యుత్తు మనకు తెలియకయే చిప్పును చంపగలదు. ర్యామ్ ఇరువైపుల కొక్కెములను వదలించి బయటకు తీసి, దాని పసుపుపచ్చని పళ్ళను మెత్తని రబ్బరుతో మెల్లగ రుద్ది, రబ్బరుపొడిని దులిపి, గాడిలో పొడి బ్రష్షుతో తుడిచి, రెండువైపుల కొక్కెములు చప్పుడై బిగియువరకు నొక్కవలెను. రెండు ర్యాములున్నచో ఒక్కొక్కదానినే పెట్టి చూడవలెను. మెకానిక్కు వద్ద ఐసోప్రొపైల్ ఆల్కహాలున్నచో రబ్బరుకంటె అది మేలు. కొన్ని బోర్డులకు చిన్న స్పీకరుండును. అది చేయు బీపుల సంఖ్య ఏ భాగము చెడినదో తెలుపును గాని ఆ భాష బోర్డు తయారుచేసినవారినిబట్టి మారుచుండును కావున బోర్డు పుస్తకమును చూచియే అర్థము చెప్పుకొనవలెను. గడియారము ప్రతిదినము పాత సంవత్సరమునకు పోవుచున్నను, తేదీ తప్పి వెబ్‌సైట్లు తెరచుకొనకున్నను బోర్డుమీది మూడు వోల్టుల సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీని మార్చవలెను. అది కూరగాయల ఖర్చులో ముగియు పని. అప్పటికిని తెర రానిచో అదనపు కార్డులను, డిస్కులను తొలగించి, ఒక ర్యాముతోను ప్రాసెసరుతోను మాత్రమే పరీక్షింపవలెను. మంచిదని తెలిసిన మరియొక ఎస్ఎంపీఎస్‌ను పెట్టి చూడవలెను. ఒక్కమారు ఒక్కటే మార్చవలెననుట ఈ విద్యకంతటికిని మూలసూత్రము. రెండు మార్చినవాడు బాగుచేయగలడేమో గాని ఏమి చెడినదో ఎన్నటికిని ఎరుగడు.

ఇంటనున్నవారు పాటింపవలసిన జాగ్రత్తలు కొన్ని కలవు. ఎస్ఎంపీఎస్ డబ్బాను విప్పరాదు. తీగ తీసివేసిన పిమ్మటను దానిలోని పెద్ద కెపాసిటర్లు ప్రాణాంతకమగు విద్యుత్తును కొంతకాలము దాచియుంచును. దాని వెనుక 115, 230 అని వ్రాసిన ఎర్రమీట యున్నచో దానిని పిల్లలు కదపకుండ చూడవలెను. 230 వోల్టుల ఊరిలో అది 115కు జరిగినచో మీట నొక్కిన క్షణముననే ఎస్ఎంపీఎస్ పేలిపోవును. బ్లోయరుతో ధూళి కొట్టునపుడు ఫ్యాను రెక్కను పెన్సిలుతో ఆపి పట్టుకొనవలెను. గాలికి అది మితిమీరి తిరిగినచో ఇరుసు పాడగును. తడిగుడ్డ లోపలికి పోరాదు. పెట్టె వెనుక ఖాళీ సందులను రేకుతో మూసివేయవలెను. ఆ సందులలోనుండి లోనికి చేరిన బల్లి బోర్డుమీద అడ్డముగా పడి యంత్రమును కాల్చివేసిన ఉదంతములు మన మెకానిక్కులందరు ఎరిగినవే.

విద్యుత్తు సంగతియు ఇక్కడనే చెప్పవలెను. బోరుబావుల మోటార్లును రాతికోత మోటార్లును ఒకే లైనుమీద లేచినపుడు వోల్టేజి క్రుంగును, అవి ఆగినపుడు ఉబుకును. ఈ హెచ్చుతగ్గులను మొదట భరించునది ఎస్ఎంపీఎస్. అది అలసినపుడు తెర మినుకుమనును, యంత్రము కారణము లేక ఆగును. యూపీఎస్ ఒకటి నడుమ నుంచుట, ఇంటికి మంచి ఎర్తింగు చేయించి వేసవిలో ఆ గుంతలో నీరు పోయుచుండుట, ఉరుములప్పుడు తీగను సాకెట్టునుండి తీసివేయుట, ఇవి వేలకొలది రూపాయలను కాపాడు చిన్న అలవాట్లు. పిడుగులు పడు వేళ స్విచ్చి ఆపుట చాలదు; ఇంటర్నెట్టు తీగను సైతము తీయవలెను.

1970 ఫిబ్రవరి 2న కర్నూలు జిల్లానుండి విడివడి మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు క్రొత్త జిల్లాలో చేరిననాటినుండి ఒంగోలు ఇచ్చటివారికి దూరపు ముఖ్యపట్టణముగనే యుండెను. మార్కాపురమునుండియే దాదాపు నూరు కిలోమీటర్లు. పెద్ద కంపెనీల సేవాకేంద్రములు అంతటి దూరమున నున్నపుడు, పెట్టెను బస్సెక్కించుటకు ముందు ఈ పరీక్షలను చేసికొనుట ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు. మెకానిక్కువద్దకు పోవలసివచ్చినను, "డిస్‌ప్లే రాలేదు, చూడు" అని విడిచి రాక, ఎన్నాళ్ళనుండి మందగించినది, ఏ వేళ మందగించినది, ఫ్యాను తిరుగుచున్నదా, బీపు వినబడినదా, క్యాప్స్‌లాక్ వెలిగినదా అను ఐదు మాటలు చెప్పినచో అతని పని సగమగును, మన ఖర్చును తగ్గును. ఫార్మాటు కొట్టుదునన్నవానితో ముందు నా ఫైళ్ళు నకలు తీయుమని నిక్కచ్చిగా చెప్పవలెను. తెరయే రాని యంత్రమునకు ఫార్మాటు మందు కాదు. మార్చిన పాత భాగమును అడిగి తీసికొనవలెను. విండోస్ 10నకు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి కావున, పాత యంత్రమును బాగుచేయించుకొనువారు బ్యాంకు పనులు దానిమీద చేయుటకు ముందు ఆ విషయమును గూడ మెకానిక్కుతో ఆలోచించుకొనవలెను.

ఆనాడు ఆ కుర్రవాడు ధూళిని దులిపి, పాత పేస్టును గీకి క్రొత్తది బియ్యపుగింజంత పెట్టి, ర్యామును రబ్బరుతో తుడిచి బిగించి, మీట నొక్కెను. చిన్న బీపు వినబడినది, తెర వెలిగినది. అంతటితో అతడు లేవక, డిస్కు ఆరోగ్యమును చూచి, అది బలహీనపడుచున్నదని చెప్పి, నా మిత్రుని ఫైళ్ళన్నిటిని ఆ సాయంకాలమే వేరొక డిస్కులోనికి ఎక్కించెను. "వేసవి రాకముందు ఏటా ఒకసారి మూత తీసి దులిపించుకో అన్నా, పలకల ఫ్యాక్టరీల పక్కనుంటే రెండుసార్లు" అని చెప్పి, ఆనాటి కూలి మాత్రము తీసికొని పోయెను.

పాఠకులారా, శివరాత్రి వెళ్ళి ఎండ ముదురుటకు ముందు ఒక ఆదివారమును ఈ పనికి కేటాయింపుడు. ఫైళ్ళను రెండుచోట్ల నకలు తీసికొనుడు, పెట్టెను దులిపింపుడు, పేస్టు ఎండినదేమో చూపింపుడు, ఎర్తింగును పరీక్షింపుడు. యంత్రము మందగించిననాడు విసుగుకొనక, ఏ వేళ ఎందుకు మందగించినదో కనుగొనుడు. మా మిత్రుని దుకాణమున మానిటరు నేటికిని పాతదే. మార్చినవి ఒక డిస్కు, కొంచెము పేస్టు మాత్రమే.